సివిల్ వార్: కామిక్స్ మేలా, సినిమా మేలా?

అమాయకులు చనిపోయాక సూపర్‌హీరోల బృందం ఎవరికి జవాబు చెప్పాలి? అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్ ఈ ప్రశ్నను 2006–07లో ఏడు సంచికల కామిక్స్‌గా, 2016లో సినిమాగా నడిపింది.

కామిక్స్‌లో స్టామ్‌ఫర్డ్ పట్టణంలో, బడి దగ్గర పేలుడు జరిగి వందలమంది పోతారు. హీరోలు అసలు పేర్లు నమోదు చేయించుకోవాలని అమెరికా చట్టం తెస్తుంది. ఐరన్‌మ్యాన్ (టోనీ) దాన్ని సమర్థిస్తాడు, కెప్టెన్ అమెరికా ఎదిరిస్తాడు; హీరోలు రెండు పక్షాలుగా చీలిపోతారు. స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు ముసుగు తీసినప్పుడు అతని కుటుంబం గురించి నాకు నిజంగా బెంగ కలిగింది.

సినిమాలో ముసుగుల గొడవ దాదాపు లేదు. 117 దేశాలు మద్దతిచ్చిన సొకోవియా ఒప్పందం బృందాన్ని ఐక్యరాజ్యసమితి అదుపులోకి తేవాలంటుంది. వియన్నా సభలో బాంబు పేలి వకాండా అనే కల్పిత దేశపు రాజు టిచాకా మరణించగానే చర్చ ఆగి, అనుమానితుడి వేట మొదలవుతుంది. హింస ఆలోచనకు వ్యవధి లేకుండా చేయడాన్ని సినిమా గొప్పగా పట్టుకుంది. కానీ టోనీ తల్లిదండ్రుల హత్య బయటపడ్డాక కథ సొంత పగ వైపు మళ్లుతుంది. ఒప్పందం మంచిదా కాదా అన్నది తేలదు.

కామిక్స్‌లో కెప్టెన్ అమెరికా గెలుపు అంచున ఉండి కూడా, తమ పోరు నగరానికి చేసిన నష్టం చూసి లొంగిపోతాడు. 2007లోనే వచ్చిన అతని సొంత సంచికలో కోర్టు మెట్ల మీద అతన్ని కాల్చేస్తారు. తన పక్షం తప్పును కూడా లెక్కలోకి తీసుకున్న నాయకుడు ఇక్కడే కనిపిస్తాడు కాబట్టి నా ఓటు కామిక్స్‌కే.