టెస్టుల చెత్త ఎవరు ఊడ్చాలి? పైటెస్ట్ టీఎంపీ పాత్‌తో ఐదేళ్లు

ఒక రోజు పొద్దున్నే వచ్చి చూస్తే మా కోడ్‌ని టెస్టు చేసే బిల్డ్ సర్వర్‌లో టెస్టులన్నీ ఫెయిల్. కోడ్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. లాగ్‌లో డిస్కులో చోటు లేదని ఎర్రర్. తీరా చూస్తే డిస్కు సగం ఖాళీగానే ఉంది! కాసేపటికి గానీ వెలగలేదు, అయిపోయింది జాగా కాదు, ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైలుకూ డిస్కు రాసుకునే లెక్క ఎంట్రీలు. నెలల తరబడి మా టెస్టులు పైథాన్‌లో తాత్కాలిక ఫోల్డర్ ఇచ్చే ఎంకేడీటెంప్ ఫంక్షన్‌తో ఫోల్డర్లు తెరిచి, వాటిలో చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ రాసి, ఎక్కడివక్కడే వదిలేశాయి. ఎంకేడీటెంప్ ఫోల్డర్ ఇస్తుందే గానీ తీసెయ్యదు. తీసెయ్యాల్సింది వాడుకున్నవాళ్లే. ఆ టెస్టుల్లో సగానికి పైగా రాసింది నేనే.

అప్పుడే, పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో తాత్కాలిక ఫోల్డర్లు ఇచ్చే టీఎంపీ పాత్‌కి మారాను. 2018లో వచ్చిన పైటెస్ట్ 3.9 నుంచీ ఉన్నదే, నేనే పట్టించుకోలేదు. టెస్టు ఫంక్షన్‌లో ఆ పేరుతో ఒక ఆర్గ్యుమెంట్ పెడితే చాలు, ప్రతి టెస్టుకీ దానికంటూ ఒక కొత్త ఫోల్డర్ దొరుకుతుంది. కానీ మొదట్లో ఒక విషయం బాగా చికాకు పెట్టింది. పని అయిపోయిన వెంటనే ఇది ఏదీ చెరపదు. చివరి మూడు రన్‌ల ఫోల్డర్లు అట్టే పెట్టి, అంతకు ముందువి మాత్రమే తీస్తుంది. ఊడుస్తుందని తెచ్చుకుంటే ఇది కూడా దాచుకుంటుందేంటి అనుకున్నాను.

ఆ అభిప్రాయం మారడానికి ఒక్క బగ్ చాలింది. రిపోర్ట్ ఫైలు ఖాళీగా ఉందంటూ ఒక టెస్టు అప్పుడప్పుడూ ఫెయిలయ్యేది. మిగిలిపోయిన ఫోల్డర్‌లోకి వెళ్లి అదే ఫైలు తెరిచాను. ఖాళీ ఎక్కడిది, నిండా డేటా ఉంది! అంటే రాయడం జరిగింది, కాకపోతే టెస్టు చదివేశాక జరిగింది. కోడ్‌లో ఒక దారిలో ఫైలు క్లోజ్ చెయ్యకుండానే చదువుతున్నాం, డేటా ఇంకా డిస్కుకు చేరకుండా మెమరీలోని బఫర్‌లోనే ఉంది. టెస్టు ముగిశాక నడిచే టియర్‌డౌన్‌లో అంతా చెరిపేసి ఉంటే ఈ ఆధారం నాకు దొరికేదే కాదు.

పైటెస్ట్ 7.3లో వచ్చిన రెండు సెట్టింగులు నాకు అన్నిటికన్నా నచ్చాయి. ఎన్ని రన్‌లు ఉంచాలో రిటెన్షన్ కౌంట్‌తో చెప్పొచ్చు. రిటెన్షన్ పాలసీని ఫెయిల్డ్ అని పెడితే పాసైన టెస్టుల ఫోల్డర్లు అప్పటికప్పుడే పోతాయి, ఫెయిలైనవి మాత్రం ఉంటాయి. పెద్ద పెద్ద ఇమేజ్ ఫైళ్లు రాసే టెస్టులున్నవాళ్లు మొదటి రోజే ఇది పెట్టేసుకోండి. పాలసీకి డీఫాల్ట్‌గా ఉండే ఆల్, అంటే పాసైనవీ ఉంచడం, చిన్న ప్రాజెక్టులకు సరిపోతుంది.

ఇక లోపాలు. టైమ్‌అవుట్ అయిందని ప్రాసెస్‌ని కిల్ చేస్తే ఫోల్డర్‌లో లాక్ ఫైలు మిగిలిపోతుంది. లాక్ ఉంది కాబట్టి ఇంకా ఎవరో వాడుతున్నారనుకుని పైటెస్ట్ దాని జోలికి పోదు. మూడు రోజులు దాటితే గానీ దాన్ని చచ్చిన లాక్‌గా లెక్కెయ్యదు. రోజుకు పది రన్‌లు కిల్ అయ్యే సర్వర్‌లో ఈ మూడు రోజులు చాలా ఎక్కువ. విండోస్‌లో అయితే ఎవరైనా ఫైలు తెరిచి ఉంచితే అది చెరగదు, కానీ ఆ తప్పు పైటెస్ట్‌ది కాదు.

ఈ ఫోల్డర్లు ఎక్కడ పెట్టాలో చెప్పే బేస్‌టెంప్ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. ఫైళ్లు కళ్లెదురుగా ఉంటాయి కదా అని ఒకసారి నా డేటా ఫోల్డర్ పాత్‌ని దానికి ఇచ్చాను. ఇచ్చిన ఫోల్డర్ అప్పటికే ఉంటే రన్ మొదట్లోనే దాన్ని మొత్తం తుడిచేస్తుంది. హెల్ప్‌లో బ్రాకెట్ల మధ్య ఈ హెచ్చరిక ఉంది, నేను చదివింది ఆ తర్వాత. రెండు రోజులు కూర్చుని తయారు చేసుకున్న శాంపిల్ ఫైళ్లు సెకనులో పోయాయి. ఫైళ్ల మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో కూడా పెట్టలేదు, ఏం చెప్పను.

ఇంకోటి, టీఎంపీ పాత్ ఊడ్చేది తన గది ఒక్కటే. టెస్టు చేసే కోడ్ తన ఇష్టానికి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో లాగ్ ఫైలో, కాష్ ఫైలో రాస్తే దానికి తెలియదు. అందుకని టెస్టులు అయ్యాక గిట్ స్టేటస్ చూసి, కొత్త ఫైలు ఏది కనిపించినా బిల్డ్ ఆపేసే నాలుగు లైన్ల స్క్రిప్ట్ ఒకటి పెట్టుకున్నాం. పోయిన వారం దానికి చిక్కిన ఫైలు కూడా నాదే.