ఈ-టైప్ కూపే లోపలి అసలు రూపం: సర్టిఫికెట్, పార్ట్స్ కేటలాగ్ ఎంతవరకు నమ్మొచ్చు?

1960ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఈ-టైప్ కూపే లోపలి భాగం ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో తేల్చడానికి నేను ఏళ్ల తరబడి వాడుతున్నవి రెండు: కంపెనీ పాత రికార్డులు చూసి జాగ్వార్ డెయిమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్, 3.8 లీటర్ల ఇంజిన్ కారు స్పేర్ పార్ట్స్ కేటలాగ్ జె.30 (4.2 లీటర్లదైతే జె.37). రంగు విషయంలో సర్టిఫికెట్ గట్టిది, భాగాల విషయంలో కేటలాగ్ గట్టిది. కానీ చివరి మాట కారుదే.

సర్టిఫికెట్‌లో ఛాసిస్, ఇంజిన్, బాడీ, గేర్‌బాక్స్ నంబర్లు, తయారైన తేదీ, పైరంగు, లోపలి రంగు ఉంటాయి. ఆ లోపలి రంగు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అక్కడ 'రెడ్' అన్న ఒక్క మాటే ఉంటుంది. 3.8 కారులో సీటు ముందువైపు లెదర్, డోర్ ప్యానెళ్లు వినైల్, రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తు భాగం (టన్నెల్) పక్కల పొట్టి నూగున్న మోకెట్ గుడ్డ, సామాను పెట్టే చోట హార్డ్యూరా అనే మందపాటి వినైల్ మ్యాట్. నాలుగు సరుకులు, ఒక్కోదానిలో ఎరుపు ఒక్కో ఛాయ. అన్నీ ఒకే లెదర్‌తో కుట్టించేస్తే కారు ఖరీదుగా కనిపిస్తుంది, అసలు రూపం మాత్రం పోతుంది.

కేటలాగ్ బలం ఛాసిస్ నంబర్లలో ఉంది. 3.8 కూపేల్లో కుడి స్టీరింగ్‌వి 860001 నుంచి, ఎడమ స్టీరింగ్‌వి 885001 నుంచి మొదలవుతాయి. ఏ భాగం ఏ నంబరు దగ్గర మారిందో కేటలాగ్ చెబుతుంది. డ్యాష్ మధ్య అల్యూమినియం ప్యానెల్‌పై మొదట చుక్కల అచ్చు, తర్వాత ఒకదాన్నొకటి కోసుకునే గీతల అచ్చు, 4.2కి వచ్చేసరికి అది నలుపైంది. కేటలాగ్‌తో ఇబ్బందీ ఉంది: తర్వాతి ముద్రణల్లో పాత పార్ట్ నంబరు తీసేసి, దాని బదులు వచ్చిన కొత్తదే వేస్తారు. దాన్ని పట్టుకుని కొంటే 1961 కారుకి 1963 సామాను వస్తుంది. అందుకే పాత ముద్రణే దొరికించుకోండి. మార్పు నంబరుకి అటూ ఇటూ ఉన్న కార్లలో పాత స్టాకు వాడి ఉండొచ్చు, ఆ గీతని మరీ కచ్చితంగా తీసుకోవద్దు.

ఇక కారు. డోర్ ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పండి. ప్యానెల్ వెనకున్న అట్ట అంచు మీదుగా లోపలికి మడిచి అంటించిన వినైల్ పట్టీకి ఎండ సోకదు. తడిగుడ్డతో తుడిచి, బల్బు కింద కాకుండా పగటి వెలుగులో చూస్తే ఫ్యాక్టరీ రంగు కనిపిస్తుంది. లెదర్‌కైతే సీటు కింద మడతల్లో వెతకండి. దాని రంగు పైపూతలోనే ఉంటుంది కాబట్టి వెనకవైపు చూసి పోల్చడం దండగ. అట్టకి పిన్నుల రంధ్రాలు రెండు వరుసలుంటే ఆ ప్యానెల్‌ని ఇదివరకే ఎవరో మళ్లీ కుట్టించారు, ఆ రంగుని లెక్కలోకి తీసుకోకండి. స్క్రూలూ చూడండి: ప్లస్ గాడి మధ్య సన్నటి అదనపు గీతలున్న పోజీడ్రైవ్ తలలు 1961 కారులో కనబడితే అనుమానించాల్సిందే. ట్రిప్లెక్స్ కంపెనీ అద్దం మీది అక్షరాల పైనా కిందా ఉండే చుక్కలు ఆ అద్దం తయారైన కాలాన్ని చెబుతాయి.

పాత అట్ట తడిసి ఉబ్బినా పారేయొద్దు. ఆరితే మెలిదిరుగుతుంది కాబట్టి ముందే కాగితం మీద పెట్టి అంచు, క్లిప్పు రంధ్రాలు గీసుకోండి.