ముందు తాడు చూపించమనండి, తర్వాతే డబ్బు: గుంటూరు కొండల్లో శని, ఆదివారాలు

పిల్లల్ని రాక్ క్లైంబింగుకు తీసుకెళ్లే ప్యాకేజీ ఏదైనా సరే, డబ్బు కట్టే ముందు తాడు చూపించమని అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ల జోలికి వెళ్లొద్దు. విజయవాడ నుంచి బయల్దేరిన మా ఆరుగురికీ శనివారం దొరికినవాళ్లు ఒక రకం, ఆదివారం దొరికినవాళ్లు ఇంకో రకం. ఇద్దరి పనీ వివరంగా రాస్తున్నాను. ఇందులో పిల్లల ప్రాణాల మాట ఉంది.

శనివారం ప్యాకేజీ తలకు 1,800 రూపాయలు, పిల్లలకూ అంతే. ఎక్కేది నేను, మా బావ, పదమూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. మొత్తం 7,200లో సగం, అంటే 3,600 ముందే ఫోన్‌పేలో వేయించుకున్నారు. ప్రకటనలో ‘అంతర్జాతీయ ప్రమాణాల పరికరాలు’ అని ఉంది. గుంటూరు దాటాక ఒక గుట్ట, నలభై అడుగుల దాకా నిటారు రాయి. రాయి మంచిదే. దాని మీద వేలాడదీసిన సరంజామాయే ఘోరం.

తాడు పైతొడుగు నూగు లేచి ఉంది. అదొక్కటే అయితే పర్వాలేదనుకోవచ్చు. తాడు ఆరోగ్యం చేత్తో చూస్తేనే తెలుస్తుంది: రెండు చేతుల మధ్య చిన్న ఉచ్చులా మడిచి, కొస నుంచి కొస దాకా జరుపుకుంటూ పోవాలి. మంచి తాడు ఎక్కడ మడిచినా గుండ్రంగా వంగుతుంది. ఇది కొస నుంచి రెండు బారల దూరంలో ఒక్కసారిగా చదునుగా, పదునుగా మడత పడింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. అంటే తొడుగు కింద బరువు మోసే పోగులు దెబ్బతిన్నాయన్నమాట. ఆ ముక్క కోసి పారేయాలి, లేదా తాడే మార్చాలి.

పైకెక్కి చూస్తే తాడు మొత్తాన్నీ రాతి చీలికలో మొలిచిన ఒకే ఒక్క వేప మొక్కకు కట్టారు. మణికట్టంత లావు కూడా లేదు. పై నుంచి తాడు వేసి ఎక్కించేటప్పుడు కనీసం రెండు వేరువేరు ఆధారాలుండాలి. ఒకటి ఊడినా రెండోది ఒంటరిగా మోయాలి. ఆ రెండింటి నుంచి వచ్చే పట్టీల మధ్య కోణం 60 డిగ్రీలు దాటకపోతే మంచిది. 120కి వెళితే ఒక్కో ఆధారం మీదా మనిషి బరువు పూర్తిగా పడుతుంది, రెండు కట్టిన ప్రయోజనమే ఉండదు. తాడు రాతి అంచు మీద ఒరుసుకునే చోట గోనెపట్టా అయినా వేయలేదు.

బాబుకు పెద్దవాళ్ల నడుము హార్నెస్ (తాడు తగిలించడానికి ఒంటికి బిగించుకునే పట్టీల అమరిక) తొడిగి, మిగిలిన పట్టీ వెనక్కి కట్టేశారు. ఆ వయసు పిల్లలకు నడుము కంటే తుంటి పెద్దగా ఉండదు. తలకిందులైతే హార్నెస్‌లోంచి జారిపోతారు. వాళ్లకు భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ ఉండి తీరాలి. హెల్మెట్లు బిల్డింగు పనివాళ్లవి, గడ్డం కింద పట్టీ లేనివి. హార్నెస్‌కు తగిలించిన కొక్కేనికి నోరు తెరుచుకోకుండా బిగించే స్క్రూ లాక్ లేదు.

ఇవన్నీ చెబితే అక్కడి మేనేజరు అన్న మాట: ‘ఏడాది నుంచి ఇదే తాడండీ, ఎవరికీ ఏమీ కాలేదు. భయమైతే ఎక్కకండి.’ ఎక్కలేదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. బాబు కారులో ఏడుస్తూనే ఉన్నాడు, బావ గుంటూరు వచ్చేదాకా నోరు విప్పలేదు.

లాడ్జి సంగతి రెండు ముక్కల్లో. ఏసీ గది 1,600 అని ఫోనులో చెప్పి, కౌంటరులో ‘వీకెండు’ అంటూ 2,100 అడిగారు. రెండు గదులు. గీజరు ఒక గదిలోనే పనిచేసింది. పొద్దున్నే కొండకు పోయేవాళ్లకు చెక్ అవుట్ 24 గంటల పద్ధతేనా అని ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

ఆదివారం మమ్మల్ని ఎక్కించింది కొండవీడు దగ్గరి ఒక ఊళ్లోని అన్నదమ్ములు. ఇద్దరూ భువనగిరిలో శిక్షణ పొందినవాళ్లు. పెద్దలకు 900, పిల్లలకు 700, మొత్తం 3,200. అడ్వాన్సు అడగలేదు. భువనగిరి పేరు వినగానే పాప కళ్లు మెరిశాయి. మలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకున్నది అక్కడే. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడినప్పుడు ఆమెకు పదమూడేళ్ల పదకొండు నెలలు.

మేం నోరు తెరవకముందే అన్న సంచిలోంచి తాడు తీసి, పరిచిన గుడ్డ మీద పోసి, మొదటి నుంచి చివర దాకా వేళ్ల మధ్య నడిపించాడు. పది మిల్లీమీటర్ల డైనమిక్ తాడు. ఒక కొసకు టేపు చుట్టి, కొన్న నెల, సంవత్సరం రాసి ఉంది. డైనమిక్ తాడు పడినప్పుడు సాగి దెబ్బను మింగుతుంది. సాగని స్టాటిక్ తాడు పై నుంచి కట్టి ఎక్కడానికి పనికొస్తుంది కానీ, తాడు కింద నుంచి తీసుకుపోతూ ఎక్కడానికి ఎప్పుడూ వాడకూడదు.

పైన ఒక బండరాయి చుట్టూ ఒక పట్టీ, వేళ్లూనిన పెద్ద చెట్టుకు ఇంకొకటి. కలిసే చోట రెండు లాక్ కొక్కేలు, నోళ్లు ఎదురెదురుగా. అంచు మీద పాత కార్పెట్టు ముక్క. ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేశాక కొస పది సెంటీమీటర్లకు తక్కువ కాకుండా వదిలారు. ఎక్కేవాళ్ల ముడి, బకిలీ తమ్ముడు చూస్తాడు. తమ్ముడి బెలే పరికరం (కింద నుంచి తాడు పట్టి ఆపేది), కొక్కెం లాకు ఎక్కేవాళ్లు చూడాలి. ఎనిమిదేళ్ల వాడి చేత కూడా ఈ తనిఖీ చేయించారు. ‘ఎక్కుతున్నా’, ‘ఎక్కు’, ‘బిగించు’, ‘దించు’ అనే నాలుగు మాటలే వాడాలని నేర్పారు.

చేతులతో వేలాడితే మోచేతి కింద కండ కాసేపట్లోనే బండబారి వేళ్లు ముడవవు. బావకు అదే అయింది. బరువు కాళ్ల మీదే ఉండాలి, వాలు రాతి మీద మడమ కిందికి దించితే అడుగు రాతికి ఎక్కువ ఆనుతుంది. దళసరి సోలు స్పోర్ట్స్ బూట్ల కంటే పిల్లల స్కూలు కాన్వాసు బూట్లే నయం.

ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ఆపేశారు. పొద్దున పడమటి ముఖం రాయే ఎంచుకోవాలి, తూర్పు ముఖం తొమ్మిదికే చేతికి చురుక్కుమంటుంది. మన కొండలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే కాలం. కొండచరియకు పెద్ద తేనెపట్టు కనబడితే మాత్రం ఇంకేం ఆలోచించకుండా వెనక్కి వచ్చేయండి. అక్కడ పొగ పెట్టడం, అరవడం, ఘాటు సెంట్లు పూసుకుని పోవడం ప్రాణాంతకం.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం, మనిషికి 120. పండుమిరప గోంగూర పచ్చడి, ముద్దపప్పు, మునక్కాయ పులుసు, గడ్డ పెరుగు. పచ్చడిలో ఉల్లిపాయ పచ్చిగా తరిగి కలిపారు, పైన వెల్లుల్లి పోపు. శనివారం నుంచి ముభావంగా ఉన్న నాన్నగారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఎక్కని పెద్దవాళ్లకు కొండవీడు కోట చక్కటి కాలక్షేపం. ఘాట్ రోడ్డు మీద కారు పైదాకా పోతుంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. రెడ్డిరాజుల రాజధాని, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట. ఆ గోడలు ఎక్కనిస్తామని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఉండవల్లి గుహల రాయికీ అదే మాట, అది రక్షిత కట్టడం. అడవి భూమిలోని బండలకైతే అటవీశాఖ అనుమతి ఉందా అని నిర్వాహకుణ్ని అడగండి. కోటప్పకొండ, మంగళగిరి మెట్లెక్కే కొండలు, తాడు పనికి కావు.

కారు రెండు రోజులకు డ్రైవరు బత్తాతో కలిపి 7,400 అయింది. ఫోనులో మాట్లాడేటప్పుడే తాడు వయసు, ఆధారాలెన్ని, పిల్లల సైజు ఫుల్ బాడీ హార్నెస్ ఉందా, వద్దనుకుంటే అడ్వాన్సు ఎంత వాపసు అనే నాలుగూ అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. శనివారంలాంటి అనుభవమే ఎదురైతే తాడు, చెట్టు, హార్నెస్ ఫొటోలు తీసి, చెల్లింపు రసీదుతో కలిపి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. మా 3,600 కోసం మేం అదే చేశాం.