మెరుగు పెట్టించకూడని బంగారం: హ్యూయర్ కరేరా 1158, దాదాపు పదేళ్ల వాడకం తర్వాత

మన చుట్టాల్లో ఎవరు ఈ వాచీ చూసినా అడిగేది ఒకటే: "ఎన్ని క్యారెట్లు? ఎన్ని తులాలు?" పద్దెనిమిది క్యారెట్లు అనగానే ముఖంలో సగం ఆసక్తి పోతుంది. 916 బంగారానికి అలవాటు పడ్డ ఇళ్లు మనవి. కానీ రోజూ చేతికి తగిలి, బల్లలకు రాసుకుని తిరగాల్సిన కేసుకి 22 క్యారెట్లు మరీ మెత్తన. 75 శాతం బంగారానికి వెండి, రాగి వంటివి కలిస్తేనే అది వాచీగా నిలబడుతుంది. పాత బంగారు క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచీ కూడా ఉన్న చేతి వాచీలు) సేకరించాలనుకునేవాళ్లు తూకం లెక్క పక్కన పెట్టి మొదలుపెట్టాలి.

ముందు ఈ వాచీ సంగతి. కరేరా పేరుతో స్విస్ కంపెనీ హ్యూయర్ మొదటి వాచీ 1963లో వచ్చింది. 1969లో ఆటోమేటిక్ (చేతి కదలికకి తనంతట తనే కీ చుట్టుకునే) క్రోనోగ్రాఫ్ మెషీన్ వచ్చాక కేసు పీపా ఆకారంలోకి మారింది. 1158 దాని బంగారు రూపం. 1971లో ఫెరారీ ఫార్ములా వన్ జట్టుతో ఒప్పందం కుదిరాక కంపెనీ అధిపతి జాక్ హ్యూయర్ ఆ జట్టు డ్రైవర్లకు ఇచ్చింది ఇదే. జాకీ ఇక్స్, క్లే రెగజోని, తర్వాత నికీ లాడా. వాచీ వెనక డ్రైవర్ పేరు, బ్లడ్ గ్రూప్ చెక్కించేవారు. ఆ రోజుల్లో రేసులంటే ఎంత ప్రమాదమో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. బంగారు వాచీ అంటే షోకు అనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ సంగతే.

నాది షాంపేన్ రంగు డయల్, నల్లటి చిన్న డయళ్లు ఉన్న రకం. సేకరించేవాళ్లు దీన్ని సీహెచ్ఎన్ అంటారు, షాంపేన్, నలుపు అన్న ఫ్రెంచి మాటలకు పొట్టి రూపం. మొత్తం బంగారు రంగులో ఉండే డయల్ కూడా ఉంది గానీ, ఎండలో ముళ్లు కనపడాలంటే నలుపు ఉన్నదే నయం. మూడు దగ్గర 30 నిమిషాల లెక్క, తొమ్మిది దగ్గర 12 గంటల లెక్క, ఆరు దగ్గర తేదీ. చేతికి పెట్టుకోగానే తెలిసేది బరువు. అదే సైజు స్టీలు కేసు కన్నా లోహం దాదాపు రెట్టింపు బరువు. నాకు వారంలో అలవాటైంది, ఇప్పుడు స్టీలు వాచీ పెట్టుకుంటే చెయ్యి ఖాళీగా ఉన్నట్టుంటుంది. కిరీటం (టైము సరిచేసే బొడిపె) ఎడమవైపు ఉండడం వల్ల మణికట్టు వంచినా గుచ్చుకోదు.

అసౌకర్యం కూడా చెప్పాలి. మామూలు సెకన్ల ముల్లు దీనికి లేదు. వాచీ నడుస్తోందా ఆగిందా తెలియాలంటే చెవి దగ్గర పెట్టుకోవాలి, లేదంటే క్రోనోగ్రాఫ్ నొక్కి చూడాలి. లోపల ఉన్నది క్యాలిబర్ 12 అనే మెషీన్. చెయ్యి కదిలినప్పుడు తిరిగే చిన్న బరువు, అంటే మైక్రో రోటర్‌తో చుట్టుకునే మెషీన్ మీద క్రోనోగ్రాఫ్ భాగాన్ని వేరే ముక్కగా బిగించారు. ఈ పనితనం తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం, విడిభాగాలు ఇంకా కష్టం. నీళ్లకు దూరంగా ఉంచాల్సిందే. మే నెలలో హైదరాబాద్‌లో నేను పెట్టుకోను, చెమట బటన్ల సందుల్లోంచి లోపలికి పోతుందన్న టెన్షన్ ఎందుకు?

ఇక అసలు విషయం, కేసు. మన ఇళ్లల్లో బంగారం కాస్త మాసిందంటే కంసాలి దగ్గర మెరుగు పెట్టిస్తాం. గాజుకి, గొలుసుకి అది అలవాటు. పాత వాచీకి మెరుగు పెట్టించిన ప్రతిసారీ అంచు కొంత అరిగిపోతుంది. ఈ కేసు అందమంతా గీతలు దిద్దిన పైభాగానికీ నున్నటి పక్కలకీ మధ్య ఉన్న ఆ పదునైన అంచులోనే ఉంది. అది పోయాక మిగిలేది గుండ్రటి బంగారు ముద్ద. అమ్మకానికి వచ్చే వాటిలో చాలా కేసులు ఇలా అరిగినవే కనిపిస్తాయి. గీతలు పడ్డా అంచు నిలిచిన కేసుకి నేను ఎక్కువ డబ్బిస్తాను, మిలమిల మెరిసేదాన్ని వదిలేస్తాను. ముద్ర కూడా చూడండి. 1995కు ముందు స్విస్ 18 క్యారెట్ల కేసు మీద స్విట్జర్లాండ్‌కు ప్రతీకగా గీసే హెల్వీషియా అనే స్త్రీ తల ఉంటుంది. 14 క్యారెట్లయితే ఉడుత. మెరుగు ఎక్కువైన కేసు మీద ఈ ముద్రే మసకబారి చెప్పేస్తుంది.

1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు చేరినప్పుడు పాత బంగారు వాచీలెన్నో కరిగిపోయాయి. అందుకే తులాల లెక్క వింటే నాకు మనసు కలుక్కుమంటుంది. కరిగిస్తే వచ్చేది లోహమే, లాడా చేతికి ఉన్న వాచీ రాదు.

ఒమేగా స్పీడ్‌మాస్టర్ బంగారు రకంతో పోల్చమంటారు. 1969 నవంబరులో హ్యూస్టన్‌లో వ్యోమగాములకు విందులో ఇచ్చిన రకం అది, మొత్తం 1014 చేశారు. గౌరవంలో అదే పెద్దది, సెకన్ల ముల్లూ ఉంది. దానికి రోజూ కీ ఇవ్వాలి. చేతిమీద నాకు కరేరాయే ఇష్టం.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు మాత్రం "కేసు ముట్టుకోవద్దు, మెరుగు పెట్టొద్దు" అని కాగితం మీద రాసి సంతకం చేయించుకోండి. నోటిమాటగా చెబితే వాళ్లు మంచి మనసుతోనే మెరిపించి ఇస్తారు.