ఆటగాళ్ల డాక్టరు నర్సింగ్ హోం: ఇన్నేళ్లుగా చూపించుకుంటున్న మా అనుభవం

అనంతపురంలో నర్సింగ్ హోంలకు కరువేం లేదు, సాయినగర్‌లో అడుగు తీసి అడుగేస్తే ఒకటి తగులుతుంది. మా ఇంట్లో మాత్రం జ్వరమొచ్చినా, కాన్పయినా, కాలు బెణికినా నా పెళ్లయినప్పటి నుంచి ఒక్కచోటికే పోతున్నాం. కారణం దాన్ని పెట్టిన పెద్ద డాక్టరు గారు, అందులోనూ ఆయనకు ఆటలంటే ఉన్న పిచ్చి. గదులు, ఫీజులు, మందుల షాపు సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను.

కర్నూలు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఆయన వాలీబాల్ ఆడేవారట. అద్దె ఇంట్లో నాలుగు మంచాలు వేసుకుని మొదలుపెట్టిన రోజుల్లోనే సాయంత్రం ఓపీ అయిపోగానే ఇంటికి పోకుండా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయేవారని మా మామగారు చెప్పేవారు. ఊళ్లో టోర్నమెంటు అంటే చాలు, డిక్కీలో ఐస్ డబ్బా, క్రేప్ బ్యాండేజీలు, చెక్క బద్దలు. జెర్సీలు కొనిచ్చి బ్యానర్ మీద ఫొటో వేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, దెబ్బ తగిలిన పిల్లోడి కాలు ఒళ్లో పెట్టుకుని గ్రౌండులో కూర్చునే మనిషిని నేను ఈయన్నొక్కరినే చూశాను. ఆడే పిల్లల దగ్గర ఫీజు తీసుకోరు.

మా పెద్దోడు ఇంటర్‌లో ఉండగా కబడ్డీలో రైడ్‌కు పోయి పక్కకు తిరగబోతే పాదం నేలకు పట్టేసింది, మోకాలు మాత్రం తిరిగిపోయింది. లోపల టక్కుమన్నట్టు వాడికే తెలిసిందట. ఇంటికి తెచ్చేలోపే వాచిపోయింది. ఆ వారం పెద్ద డాక్టరు గారు ఊళ్లో లేరు, వేరే చోటికి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి ఎముక బాగుంది, ఉత్త బెణుకే, మూడు వారాల్లో ఆడుకోవచ్చు అని పంపించేశారు. వాపు తగ్గింది, నొప్పీ తగ్గింది, కానీ మెట్లు దిగుతుంటే మోకాలు పట్టు తప్పి జారేది.

పెద్ద డాక్టరు గారు వచ్చాక పోయాం. ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టి ముందు అడిగింది, దెబ్బ తగిలిన ఎంతసేపటికి వాచింది అని. గంటలోపే అంటే తలూపి, వాణ్ని బల్ల మీద పడుకోబెట్టి మొదట బాగున్న కాలు పట్టుకున్నారు. కొంచెం మడిచి, ఒక చేత్తో తొడను గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో పిక్కను ముందుకు లాగితే ఒకచోట గట్టిగా ఆగింది. తర్వాత దెబ్బ తగిలిన కాలు. అది ఆగాల్సిన చోట ఆగకుండా మెత్తగా ముందుకొచ్చేసింది. "ఇక్కడ చెయ్యి పెట్టి చూడమ్మా" అని నాకూ చూపించారు. "ఏంప్పా, లోపలి లిగమెంటు తెగినట్టుంది. ఎక్స్‌రేలో ఎముక కనపడుతుంది గానీ ఇది కనపడదు" అన్నారు. ఎమ్మారైలో అదే తేలింది, మోకాలి ఎముకల్ని లోపల పట్టి ఉంచే ఆ లిగమెంటునే ఏసీఎల్ అంటారట.

ఆపరేషన్ తన దగ్గర చేస్తాననలేదు. వ్యాయామంతో మామూలు పనులకు సర్దుకోవచ్చు, కబడ్డీ ఆడతానంటే ఆపరేషన్ కావాలి అని చెప్పి, బెంగళూరులో తనకు తెలిసిన సర్జన్‌కు రాసిచ్చారు. అయితే కాలు పూర్తిగా చాచగలిగేదాకా ఆపరేషన్ వద్దన్నారు, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి తొడ కండ బిగించి కిందికి నొక్కమన్నారు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు కోర్టు తొక్కకూడదన్నారు. ఆరో నెలకే నొప్పి లేదని వాడు గోల, జట్టువాళ్ల ఫోన్లు, ఇంట్లో నాకు టెన్షన్. ఆయనే కోచ్ దగ్గరికి పోయి వీడి పేరు రాయొద్దని చెప్పి వచ్చారు. తొమ్మిది నెలలు నిండాక టేపు పట్టుకుని గ్రౌండుకు వచ్చి ఒంటికాలి మీద దూకించి, ఆ వయసులో నేలమీద కూర్చుని రెండు కాళ్లకూ దూరం కొలిచారు. బాగున్న కాలు దూకిన దూరంలో నూటికి తొంభై వంతులైనా దెబ్బ తగిలిన కాలికి రావాలట. మొదటిసారి రాలేదు, ఇంకా కసరత్తు చెయ్యమని వెనక్కి పంపేశారు. ఈ ఓపిక ఎంత డబ్బు పోసినా దొరకదు. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు మావాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, బౌలర్ ముందు కాలు పడే తీరు చూడమని చెబుతూనే ఉన్నారట.

ఒకప్పుడు ఎవరడిగినా కళ్లు మూసుకుని అక్కడికే పొమ్మనేదాన్ని. ఇప్పుడు ఆయన ఉదయం పూటే వస్తున్నారు, అదీ రోజూ కాదు. మిగతా టైంలో ఉండే చిన్న డాక్టర్లు మంచివాళ్లే గానీ మోకాలు పట్టుకుని చూసేలోపే టెస్టులు రాసేస్తున్నారు, ఆటగాళ్లకు ఫీజు లేదన్న సంగతి కౌంటర్లో కొత్తమ్మాయికి తెలియనే తెలియదు. ఆయన టెస్టులు తక్కువ రాస్తారని నేనే మెచ్చుకునేదాన్ని, కానీ మా అత్తమ్మకు షుగర్ వచ్చాక మూడు నెలల సగటు చూసే రక్తపరీక్ష మేమే గుర్తుచేసి రాయించుకోవాల్సి వచ్చింది. ఆమెను ఇప్పుడు వేరే చోట చూపిస్తున్నాం. ఐసీయూ లేదు కాబట్టి గుండెనొప్పిలాంటిదైతే అక్కడ ఆగకుండా పెద్దాసుపత్రికి పోవడమే మేలు. ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి, 2007లో, అయినా ఈ నర్సింగ్ హోంలో ఆ కార్డు తీసుకోరు. మాకు ఇల్లు దగ్గర, పాత పరిచయం, అప్పటికి చేతిలో డబ్బులూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కళ్యాణదుర్గం నుంచో మడకశిర నుంచో వచ్చేవాళ్లకు ఇది సరిపడుతుందో లేదో వాళ్లే చూసుకోవాలి. పిల్లలకు ఆటలో దెబ్బ తగిలితే మాత్రం ముందు ఫోన్ చేసి, ఆయన ఉన్నారో లేదో కనుక్కుని, ఎంతసేపటికి వాచిందో గుర్తుపెట్టుకుని పోండి.