పన్నెండో ఎపిసోడ్‌లో పేర్లు పడుతున్నప్పుడు లేవకండి: ‘ఆండోర్’ మొదటి సీజన్, మూడుసార్లు చూశాక

స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల లోకంలో జరిగే ‘ఆండోర్’ సీరియల్ మొదటి సీజన్‌ని మొదటిసారి 2022 చివర్లో కంపెనీ బస్సులో చూశాను. రెండోసారి మరుసటి ఏడాది మా తమ్ముడితో కలిసి చూశాను. రెండో సీజన్ వస్తోందని 2025 ఏప్రిల్‌లో మూడోసారి చూశాను. ఇవి కాక, ఆఫ్ దొరికినప్పుడల్లా ఎనిమిది, తొమ్మిది, పది ఎపిసోడ్లు విడిగా పెట్టుకుని చూస్తుంటాను. అవి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. జైలు గురించీ చివరి సీన్ గురించీ ఏమీ దాచకుండా రాస్తున్నాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

స్టార్ వార్స్ మీద నాకు పెద్ద మోజేమీ లేదు. మా తమ్ముడికి ఉంది. స్టార్ వార్స్‌లోనే ‘రోగ్ వన్’ అనే సినిమా చివర్లో చనిపోయే కాసియన్ ఆండోర్ అనే మనిషి అంతకు ఐదేళ్ల ముందు ఎలా ఉండేవాడో చెప్పే కథ ఇదని వాడే చెప్పాడు. చివరికి చచ్చిపోతాడని తెలిసిన మనిషి గురించి పన్నెండు ఎపిసోడ్లు ఏం చూస్తాంలే అనుకున్నాను. వెలిగే కత్తులు, మాయశక్తులు ఇందులో లేవని విన్నాక, సరే ఓసారి చూద్దామనిపించింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం జైలు. దాని పేరు నార్కీనా ఫైవ్. కాసియన్‌ని పట్టుకొచ్చి పడేసేది అందులోనే.

ఎందుకో చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ప్యాకింగ్ లైన్‌లో చేస్తున్నాను. లోపల గోడలు తెలుపు, మేం వేసుకునే గౌన్లు తెలుపు. కిటికీలుండవు. ఒకసారి లోపలికి వెళ్లామంటే బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో కూడా తెలియదు. వీధి చెప్పులు బయట విడిచి, అడ్డంగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కాళ్లు అటు తిప్పి లోపలి బూట్లు వేసుకోవాలి. రోజూ చేసే పనే కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ జైల్లో ఖైదీలకు చెప్పులుండవు. అందరూ ఉత్తి కాళ్లతోనే తిరగాలి. అక్కడ కాపలా కాసేది నేలే. పైనుంచి ఒక మీట నొక్కితే నేలంతా కరెంటు పాకుతుంది, ఎవరు ఎక్కడున్నా అక్కడే కూలిపోతారు. రాత్రిళ్లు నేల ఎర్రగా వెలుగుతుంది. పడుకునే అరలకు తలుపులు లేవు, వాటి అవసరమే లేదు. కాలు కింద పెడితే ప్రాణం పోతుంది. ఒక ఖైదీ అదంతా భరించలేక రాత్రి కావాలనే కాలు కింద పెడతాడు. ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడు నైట్ షిఫ్టుకు వెళ్లి బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా పనినీ జైలునూ ఒకే గాటన కట్టడం లేదు. సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని, జీతం తీసుకునేవాణ్ని నేను. కానీ ఈ సీరియల్ తీసినవాళ్లకు షిఫ్టు పని అంటే ఏంటో తెలుసు. ఇంత కాలంలో తెర మీద నేను చూసిన ఏ ఫ్యాక్టరీలోనూ అది కనబడలేదు.

గదికి ఏడు బల్లలు, బల్లకు ఏడుగురు. పన్నెండు గంటల షిఫ్టు. ఏవో లోహపు ముక్కలు బిగించి పంపుతూ ఉండాలి. ఎక్కువ చేసిన బల్లకు ఆ పూట తిండిలో రుచి కలుస్తుంది. అందరికన్నా వెనకబడ్డ బల్లకు షాక్. కొట్టడానికి గార్డు రానక్కర్లేదు, పక్క బల్లవాళ్లే ఒకరి మీద ఒకరు పంతానికి పోయి పరిగెడతారు. మా దగ్గరా గోడ మీద లైన్ల వారీగా టార్గెట్ బోర్డు ఉంటుంది. మా నంబరు కింద ఉంటే ఎవరూ ఏమీ అనకపోయినా అన్నం సయించదు.

షిఫ్టు మారేటప్పుడు ఖైదీలు గాజు వంతెనల మీద వరసగా నడుస్తారు. ఎదురు వంతెన మీద వేరే గదులవాళ్లు కనబడతారు. మాట వినబడదు కాబట్టి చేతి సైగలతో కబుర్లు పంపుకుంటారు. మేమూ అంతే. మాస్కు, తలకు హుడ్, మిషన్ల మోత. మా తర్వాత వచ్చే రిలీవర్‌కు రెండు వేళ్లు చూపించామంటే రెండో లైన్ ఆగిందని. అరచేయి బోర్లించి ఊపామంటే ఆడిటర్లు వచ్చారు జాగ్రత్త అని. మొదటిసారి ఆ వంతెన సీన్ చూసినప్పుడు బస్సులో పక్క సీటతన్ని తట్టి లేపి మరీ చూపించాను.

ఇక కీనో లాయ్. ఆండీ సెర్కిస్ చేశాడు. తనూ ఖైదీయే, కానీ ఆ గదికి మేస్త్రీ. అందరి మీదా అరుస్తాడు. ఇంకో రెండొందల చిల్లర షిఫ్టులు మిగిలాయని, అవి తీరితే ఇంటికెళ్లిపోతానని గట్టిగా నమ్ముతాడు. గార్డులెంతమంది ఉంటారో చెప్పమని కాసియన్ గొణుగుతూ వెంటపడుతుంటే, నోర్మూసుకో అన్నట్టు చూస్తాడు. మా లైన్‌లో అందరం ‘పెద్దాయన’ అని పిలిచే ఇన్‌చార్జ్ ఒకాయన ఉండేవారు. ఆయన జీతానికీ మా జీతానికీ పెద్ద తేడా లేదు, టార్గెట్ పడిపోతే మాత్రం ముందు తిట్లు తినేది ఆయనే. ఒకసారి రిలీవర్ రాక నేను వరసగా రెండు షిఫ్టులు చేయాల్సి వచ్చినప్పుడు, “ఇంకెంత, ఆరు గంటలేగా” అని నా మీదే విసుక్కున్నారు. తర్వాత ఆయనే నా పక్కన నిలబడి చివరిదాకా డబ్బాలు ఎత్తారు. కీనోని చూస్తుంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

తొమ్మిదో ఎపిసోడ్ చివర్లో వాళ్ల బల్ల దగ్గర పనిచేసే ముసలాయన కుప్పకూలతాడు. ఆయనకు మిగిలినవి కొద్ది షిఫ్టులే. డాక్టర్‌గా వచ్చిన మనిషీ ఖైదీయే. నయం చేయడం తన వల్ల కాదంటాడు, నొప్పి లేకుండా పోయే సూది వేస్తాడు. ఆ తర్వాత అసలు సంగతి చెబుతాడు. నాలుగో అంతస్తులో విడుదలైన ఒకడు మర్నాడు రెండో అంతస్తులో తేలాడు. ఆ కబురు పాకిందని అక్కడి వందమందినీ నేల మీదే చంపేశారు. అంటే ఇక్కడినుంచి ఎవరూ ఇంటికి పోరు. ఇన్నాళ్లూ దిగుతూ వచ్చిన ఆ అంకెకు అర్థమే లేదు. సెర్కిస్ అప్పుడు అరవడు, ఏడవడు. కాసేపు నడుస్తాడంతే. గార్డులెంతమంది అని కాసియన్ మళ్లీ అడుగుతాడు. ఈసారి జవాబు వస్తుంది: అంతస్తుకు పన్నెండుకు మించరు. ఎపిసోడ్ అక్కడితో అయిపోతుంది. ఇంతకన్నా బాగా రాసిన ముగింపు ఏ సీరియల్లోనూ నేను చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట మార్చుకోను.

పదో ఎపిసోడ్‌లో ఐదు వేలమంది ఒక్కసారిగా పరిగెత్తి సముద్రంలోకి దూకడం, అందరినీ అక్కడిదాకా తెచ్చిన కీనో అంచున నిలబడి తనకు ఈత రాదనడం గురించి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఈ సీజన్ గురించి రెండేళ్లకు పైగా అందరికీ నేను చెప్పుకుంటూ వచ్చిన పెద్ద పొగడ్త తప్పని తేలింది.

ఆ ఖైదీలు బిగించే ముక్కలేంటో పదో ఎపిసోడ్ దాకా ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. చివరి ఎపిసోడ్ అయ్యాక కూడా చెప్పలేదనే అనుకున్నాను. అదే దీని గొప్పతనమని క్యాంటీన్‌లో, బస్సులో, ఫోన్లలో ఎంతమందికి చెప్పానో. మా తమ్ముడు ఒప్పుకోలేదు, రాసినవాళ్లు మర్చిపోయి ఉంటారన్నాడు. “నేను రోజూ ప్యాక్ చేసే గోలీ ఏ ఊళ్లో ఎవరి నోట్లో పడుతుందో నాకు తెలుసా? ఇదీ అంతే, తెలియకపోవడమే నిజం” అని గంటసేపు వాదించాను. వాడు ఊరుకున్నాడు.

ఇప్పుడు అసలు జరిగింది చెబుతాను. ప్లాంటు నుంచి మా స్టాపుకు బస్సులో దాదాపు గంట. ఒక ఎపిసోడ్ సరిగ్గా సరిపోయేది. పన్నెండోది కాసియన్ పెంపుడు తల్లి మార్వా అంత్యక్రియల కథ. ఆ ఊళ్లో చనిపోయినవాళ్ల బూడిదను ఇటుకగా చేసి గోడలో పెడతారు. ఊరేగింపు వాయిద్యాలు, గొడవ, అన్నీ అయ్యి పేర్లు పడుతుండగా మా స్టాపు వచ్చింది. ఫోన్ జేబులో వేసుకుని దిగిపోయాను. రెండోసారి ఇంట్లో తమ్ముడితో చూసినప్పుడూ పేర్లు పడగానే టీవీ కట్టేశాం. పేర్లు పడ్డాయంటే సినిమా అయిపోయినట్టే అని చిన్నప్పటినుంచీ అలవాటు.

మూడోసారి, ఆదివారం పొద్దున. మా ఆవిడా బాబూ వాళ్ల అమ్మమ్మ గారింటికి వెళ్లారు. నేనొక్కణ్నే. ఎపిసోడ్ అయిపోయింది కదా అని రిమోట్ సోఫాలోనే వదిలేసి ఉప్మాకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి. టీవీలో సంగీతం ఇంకా వస్తోంది, కట్టేద్దామని గరిటెతోనే ముందు గదిలోకి వచ్చాను. తెర మీద అవే ముక్కలు కనబడ్డాయి. నేను వందసార్లు చూసిన, కీనో గదిలో బల్లల మీద తిరిగిన అవే ముక్కలు. అంతరిక్షంలో మరమనుషులు వాటిని ఒకదాని పక్కన ఒకటి అమరుస్తున్నారు. కెమెరా మెల్లగా వెనక్కి వెళ్తోంది. ముక్కలు వందలయ్యాయి, వేలయ్యాయి, చివరికి ఒక పెద్ద గిన్నె ఆకారం తేలింది. అది డెత్ స్టార్. గ్రహాల్ని పేల్చే ఆయుధం. ‘రోగ్ వన్’ చివర్లో సముద్రపు ఒడ్డున కాసియన్‌ని పొట్టన పెట్టుకునేది అదే.

పోపు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడిపోయాను.

తమ్ముడికి ఫోన్ చేస్తే వాడికీ తెలియదు. వెంటనే పెట్టి చూశాడు. తిరిగి ఫోన్ చేసి, “అన్నయ్యా, అతన్ని చంపేదాన్ని అతని చేతే చేయించారు” అన్నాడు. తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

సంతోషమేసింది, కొంచెం వెలితిగానూ అనిపించింది. ఆ సీన్ గొప్పది, అందులో సందేహం లేదు. కానీ ఆ ముక్కలేంటో తెలియకుండా చూసిన జైలు నాకు ఇంకా దగ్గరగా ఉండేది. ఇప్పుడు ఎనిమిదో ఎపిసోడ్ పెట్టినప్పుడల్లా ఆ బల్ల మీద ముక్కని చూస్తే డెత్ స్టారే గుర్తొస్తోంది, ఎవరికోసమో తెలియని ముక్కగా ఇక చూడలేకపోతున్నాను. నా వాదన తప్పయినందుకు ఇలా అనడం లేదు. మొదటిసారే ఆ సీన్ చూసి ఉంటే ఈ జైలు మీద నాకింత ఇష్టం ఏర్పడేదా అని ఆలోచిస్తుంటాను.

ముందు చెప్పినవి ఇంకో రెండు కూడా సరిదిద్దుకోవాలి. స్టార్ వార్స్ ఏమీ చూడకపోయినా పర్వాలేదని చాలామందికి చెప్పాను. జైలు వరకూ అది నిజమే. కానీ ‘రోగ్ వన్’ చూడనివాళ్లకు ఆ చివరి సీన్ ఒక పెద్ద యంత్రంలా కనబడుతుందంతే. ముందు అది చూసి రండి. అలాగే సెనేటర్ మాన్ మాత్మా భాగాలు వచ్చినప్పుడు ముందుకు జరిపేసుకోమనేవాణ్ని. చిన్న ఫోన్‌లో, పొద్దంతా పని చేసి వచ్చిన కళ్లతో, ఆ పార్టీలు, పట్టు బట్టలు నాకు పట్టలేదు. టీవీలో కూర్చుని చూశాక నోరు మూసుకున్నాను. సామ్రాజ్యం మీద తిరగబడే ఉద్యమానికి చాటుగా పంపిన డబ్బు లెక్క తేలక ఆవిడ ఒక ధనవంతుణ్ని సాయం అడుగుతుంది. అతను రొక్కం ఏమీ వద్దంటాడు. తన పద్నాలుగేళ్ల కొడుకుని ఆవిడ పదమూడేళ్ల కూతురికి పరిచయం చేస్తే చాలంటాడు. అది సంబంధం మాట్లాడటమేనని ఇద్దరికీ తెలుసు. ఆవిడకు కూడా పదిహేనేళ్లకే పెళ్లి చేశారు. పిల్ల తల్లిగా జెనవీవ్ ఓరైలీ ముఖం చూస్తే, మన ఇళ్లలో అలాంటి సంబంధాలకు తలూపి వచ్చిన ఆడవాళ్లు కళ్ల ముందు మెదిలారు.

మొదటి మూడు ఎపిసోడ్లు మాత్రం నిదానమే. 2022 సెప్టెంబర్ 21న మూడూ ఒకేసారి వదిలింది అందుకేనేమో. కాసియన్ చిన్నతనం సీన్లలో పిల్లలు మాట్లాడే భాషకు కింద అర్థం కూడా వేయరు. మూడో ఎపిసోడ్ చివరి ఇరవై నిమిషాల దాకా ఓపిక పట్టండి, ఊళ్లో జనం ఇనుము మీద ఇనుము కొడుతూ మోత మొదలుపెట్టాక మీరే లేవలేరు.

పిల్లలతో కలిసి చూడకండి. మా బాబుకి పదకొండేళ్లు, స్టార్ వార్స్ అనగానే పరిగెత్తుకొచ్చాడు. మొదటి ఎపిసోడ్‌లోనే వేశ్యావాటిక, ఆపైన రెండు హత్యలు. తొమ్మిదో ఎపిసోడ్‌లో బిక్స్ అనే అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చనిపోతున్న పిల్లల కేకలు వినిపించి హింసిస్తారు. తెర మీద రక్తం చుక్క కూడా చూపించరు, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాణ్ని పంపేశాను, పదహారు దాటాక తనే చూసుకుంటాడు.

నేను ఇంగ్లీషులోనే, కింద అక్షరాలు పెట్టుకుని చూశాను. అందరికీ ఇంతగా నచ్చుతుందని చెప్పలేను. ఆఫీసు ఉద్యోగం చేసే మా బావగారు చూసి, బాగుంది గానీ ఇంత ఇదిగా చెప్పేంత ఏముంది అన్నారు. ఆయన మాటా కొట్టిపారేయను. షిఫ్టు పని చేసేవాళ్లు, ఒకప్పుడు చేసినవాళ్లు అయితే ఎనిమిది, తొమ్మిది, పది ఎపిసోడ్లు మూడూ ఒకే ఆఫ్ రోజున చూడండి, మధ్యలో డ్యూటీకి వెళ్లకండి.

పెద్దాయన నిరుడు రిటైరయ్యారు. పోయిన నెల వాళ్లింటికి వెళ్లినప్పుడు నా ఫోన్‌లోనే ఆయనకు చూపించాను, ఇంగ్లీషు అర్థం కానిచోట పక్కన కూర్చుని చెబుతూ. తొమ్మిదో ఎపిసోడ్ చివర కీనో ఆ అంకె చెప్పగానే చెయ్యి ఎత్తి, ఆపమన్నారు. టీ తాగాం. పదోది పెట్టమని ఆయన అడగలేదు, నేనూ పెట్టలేదు.