వేసవిలో కుండీలకు నీళ్లు: ముంత, వత్తి, సెలైన్ గొట్టం, బోర్లించిన సీసా – ఏది మేలు?

మిద్దె తోట ఉన్న ఇళ్లలో ఏప్రిల్ వచ్చిందంటే ఒకటే బెంగ. నాలుగు రోజులు ఊరెళ్తే మొక్కలకు నీళ్లెవరు పోస్తారు? పైనుంచి ఎండ, కిందినుంచి కాగిన స్లాబు. కాపు మీదున్న టమాటా మొక్క పదిహేను అంగుళాల గ్రో బ్యాగులో (మొక్కలు పెంచే సంచిలో) ఉంటే మే నెలలో రోజుకు లీటరు నుంచి రెండు లీటర్లు తాగుతుంది. పొద్దున తడిపినా సాయంత్రానికి ఆకులు వేలాడేస్తుంది. ఇక రోళ్లు పగిలే రోహిణి కార్తె సంగతి చెప్పనక్కర్లేదు.

దీనికి ఇంట్లో చేసుకోగలిగిన ఉపాయాలు నాలుగున్నాయి: మట్టిలో పాతే ముంత, కింది నీళ్లను పైకి లాగే వత్తి, చుక్కలు వేసే సెలైన్ గొట్టం, మట్టిలో బోర్లించే సీసా. నాలుగింటికీ పెద్ద ఖర్చు లేదు. సెలవుల్లో పిల్లలతో కలిసి చేసుకోవచ్చు, పక్కింటివాళ్లకు చేసి ఇవ్వొచ్చు. అంతమాత్రాన నాలుగూ ఒకేలా పనిచేస్తాయనుకోవద్దు. నీళ్లు ఎంత వదలాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న దగ్గరే అసలు తేడా ఉంది. ముంతకూ వత్తికీ ఆ నిర్ణయం మట్టిది: ఆరితే లాక్కుంటుంది, తడిగా ఉంటే ఊరుకుంటుంది. సెలైన్ గొట్టంలో, బోర్లించిన సీసాలో మాత్రం నీటి బరువూ కన్నం సైజూ నిర్ణయిస్తాయి. మొక్కకు అక్కర ఉందా లేదా అన్నది వాటికి తెలియదు. ఇంట్లో మనిషి లేనప్పుడు మొదటి రకాన్నే నమ్మాలి.

బోర్లించిన సీసా

చాలామంది మొదలుపెట్టేది దీంతోనే. మూతకు సూదితో కన్నం పెట్టి, సీసాను మట్టిలో తలకిందులుగా గుచ్చడం. కన్నం కాస్త పెద్దదైతే గంటలో ఖాళీ అయిపోతుంది, చిన్నదైతే మట్టి రేణువు అడ్డుపడి మొత్తానికే ఆగిపోతుంది. ఎండతో ఇంకో చిక్కు. నీళ్లు తగ్గేకొద్దీ సీసాలో గాలి చేరుతుంది. పదకొండు దాటాక ఆ గాలి వేడెక్కి వ్యాకోచించి, మట్టి అడగకపోయినా నీళ్లను బయటికి నెడుతుంది. పారదర్శకమైన సీసా అయితే వారం పది రోజుల్లో నాచు కూడా పడుతుంది. ఒక రోజుకు ఫర్వాలేదు గానీ, దీన్ని నమ్ముకుని ఊరెళ్లడం సరికాదు. అయితే ఇదే సీసాకు ముంత మీద మంచి ఉపయోగం ఉంది, అది కింద చెప్తాం.

సెలైన్ గొట్టం

సెలైన్ ఎక్కించే కొత్త గొట్టం (ఐవీ సెట్) మందుల షాపులో దొరుకుతుంది. ఆస్పత్రిలో వాడేసిన గొట్టాలు తెచ్చుకోవద్దు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి ఎర్ర సంచిలోకి వెళ్లాలి, తోటలోకి కాదు. సెట్‌తో సూది వస్తే దాన్ని తీసి పిల్లలకు అందకుండా పెట్టండి.

అయిదు లీటర్ల వాటర్ క్యాన్‌కు అడుగు పక్కన కన్నం చేసి, సెట్ పై కొసన ఉండే మొనను బిగించి, చుట్టూ ఎం-సీల్ (కన్నాలు పూడ్చే ముద్ద) పెట్టి ఒక రోజు ఆరనివ్వాలి. క్యాన్ మూత వదులుగా ఉంచాలి. బిగిస్తే లోపలికి గాలి పోక కాసేపటికి చుక్కలు ఆగిపోతాయి. క్యాన్‌కు నల్లగుడ్డ చుడితే నాచు పట్టదు.

ఇక లెక్క. మామూలు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే లీటరుకు 20,000 చుక్కలు. రోజుకు 1,440 నిమిషాలు కాబట్టి నిమిషానికి 14 చుక్కలు పడితే రోజుకు లీటరు వెళ్తుంది, 7 పడితే అరలీటరు. గడియారం చూసుకుంటూ గొట్టం మీదుండే చిన్న చక్రం తిప్పి సరిచేయాలి. పిల్లలకు ఈ లెక్క భలే నచ్చుతుంది.

చిక్కేమిటంటే ఆ చుక్కలు అలాగే ఉండవు. క్యాన్‌లో మట్టం తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్కలు నెమ్మదిస్తాయి. క్యాన్‌ను మీటరు ఎత్తున పెడితే ఈ తేడా కొంత తగ్గుతుంది. ఎండకు గొట్టం మెత్తబడి చక్రం దగ్గర నొక్కుడు మారుతుంది. బోరు నీళ్లయితే నలకలు చేరతాయి. అకాల వర్షం పడి కుండీ నిండినా ఇది చుక్కలు వేస్తూనే ఉంటుంది. పెద్ద తొట్టిలో నిమ్మ, దానిమ్మ లాంటి ఒకటి రెండు మొక్కలకు, అదీ మనం ఇంట్లో ఉండి రోజూ ఓసారి చూసుకుంటేనే ఇది బాగుంటుంది. ఒక సెట్ ఒక మొక్కకే. ముప్పై కుండీలకు ముప్పై సెట్లు కట్టడం ఎవరివల్లా కాదు.

వత్తి

దీపంలో నూనె పైకి ఎక్కినట్టే నీళ్లూ వత్తి వెంట మట్టిలోకి ఎక్కుతాయి. వత్తి దేనితో చేశామన్నదే కీలకం. పాత బనీను పీలికలు, నూలు వత్తులు మొదట చక్కగా లాగుతాయి గానీ తడి మట్టిలో నెల రెండు నెలల్లో కుళ్లిపోతాయి. నున్నటి నైలాన్ తాడు కుళ్లదు కానీ నీళ్లు లాగదు. అల్లిన పాలిస్టర్ తాడు గానీ స్వెటర్లు అల్లే అక్రిలిక్ ఊలు నాలుగు పేటలుగా పెనవేసి గానీ వాడండి. ముందు పరీక్ష చేయండి: ఒక కొస రంగునీళ్లలో ముంచి గంట ఆగండి. రంగు జానెడు ఎత్తు ఎక్కకపోతే ఆ తాడు పక్కన పెట్టేయండి. నీటి మట్టానికీ మట్టి అడుగుకీ మధ్య ఆరు అంగుళాలకు మించి దూరం ఉండకూడదు.

పెద్ద మొక్కకు రెండు పెయింటు బకెట్లు కావాలి, ఒకదానిలో ఒకటి కూర్చునేవి. ఎమల్షన్ (నీళ్లు కలిపే పెయింటు) వచ్చినవే తీసుకుని శుభ్రంగా కడగండి. ఆయిల్ పెయింటువి వద్దు. పై బకెట్ అడుగున నాలుగు కన్నాలు చేసి, మూరెడు పొడవు వత్తులు నాలుగు దూర్చి, సగం పైన మట్టిలో, సగం కింద నీళ్లలో ఉండేలా ముడి వేయాలి. రెండు బకెట్ల మధ్య ఖాళీ చాలకపోతే నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు మూడు కింద నిలబెట్టండి. నీళ్లు పోయడానికి ఒక అంగుళం పైపును పక్కనుంచి కిందిదాకా దించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది కింది బకెట్‌కు పొంగు కన్నం. పై బకెట్ అడుగుకు ఒక సెంటీమీటరు కిందుగా 8 మిల్లీమీటర్ల కన్నం చేసి, దోమతెర ముక్క అంటించాలి. ఇది మరిచిపోతే మొదటి పెద్ద వానకే వేళ్లు నీళ్లలో మునిగి మొక్క చస్తుంది.

మట్టి మిశ్రమంలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నాలుగు పాళ్లు, వర్మీకంపోస్టు మూడు, ఎర్రమట్టి మూడు. నల్లరేగడి వద్దు, ముద్దకట్టి వేళ్లకు గాలి ఆడనివ్వదు. మొదలుపెట్టేటప్పుడు వత్తినీ మట్టినీ రెండింటినీ బాగా తడపాలి. పొడి వత్తి పొడి మట్టికి ఎన్నాళ్లయినా నీళ్లు అందించదు. చాలామంది "వత్తి పనిచేయలేదు" అనేది ఈ పొరపాటు వల్లే. నీళ్లు కిందినుంచి ఎక్కి పైన ఆవిరవుతాయి గనుక ఉప్పు మట్టి పైపొరలో తెల్లగా పేరుకుంటుంది. మూడు వారాలకోసారి పైనుంచి ధారగా పోసి కడిగేయాలి.

పుదీనా, పాలకూర, మెంతి, మనీ ప్లాంట్‌లకు వత్తి చక్కగా సరిపోతుంది. కలబంద, అడీనియం, కరివేపాకులకు వద్దు. ఎప్పుడూ తడిగా ఉండే మట్టి వాటికి పడదు.

ముంత

మొత్తం మీద మా ఓటు దీనికే. ఇది పాత పద్ధతి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి వ్యవసాయ రచనల్లోనే కుండ పాతి చుట్టూ పాదులు పెట్టడం ఉంది. మన దేశంలో 1970లలో కర్నాల్‌లోని కేంద్రీయ లవణ నేలల పరిశోధన సంస్థ దీన్ని కూరగాయల మీద పరీక్షించింది. కాల్చిన మట్టి గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీళ్లు చెమ్మగా బయటికి వస్తాయి. చుట్టూ మట్టి పొడిగా ఉంటే ఎక్కువ, తడిగా ఉంటే తక్కువ. పైపొర పొడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరి నష్టం తగ్గుతుంది, కలుపూ తక్కువ మొలుస్తుంది.

ఏ ముంత? పూత లేనిది, రంగు లేనిది. ఉగాది పచ్చడికి కొన్న కొత్త కుండ పండగయ్యాక మూలన పడి ఉంటుంది. సరిగ్గా వేసవి మొదట్లో చేతికొచ్చే ఆ కుండ ఈ పనికి బాగా సరిపోతుంది. సబ్బు పెట్టకుండా ఉత్త నీళ్లతో కడగండి, సబ్బును మట్టి పీల్చుకుంటుంది. పెళ్లిలో వాడిన ఐరేని కుండలు పనికిరావు, వాటి మీది రంగులు రంధ్రాలను మూసేస్తాయి. నర్సరీ మట్టికుండీ వాడాలంటే అడుగు కన్నాన్ని ఎం-సీల్‌తో మూయాలి.

పాతే ముందు పరీక్ష తప్పనిసరి. నిండా నీళ్లు పోసి నీడలో పొడి గచ్చు మీద పెట్టండి. గంటా రెండు గంటల్లో బయటి గోడ రంగు ముదిరి, వేలు పెడితే చల్లగా చెమ్మ తగలాలి. తెల్లారి ఎత్తి చూస్తే గచ్చు మీద గుండ్రటి తడి మచ్చ ఉండాలి. మడుగు కట్టిందంటే ఎక్కడో బీట ఉంది. మర్నాటికీ గోడ పొడిగానే ఉంటే దాన్ని వంటింట్లోనే ఉంచుకోండి.

పదిహేను అంగుళాల బ్యాగుకు లీటరు, లీటరున్నర ముంత. రెండడుగుల తొట్టికి మూడు లీటర్లది. నాలుగడుగుల చదరపు మడికి అయిదు లీటర్ల కుండలు రెండు. గోడ నుంచి సుమారు జానెడు దూరమే తడి చేరుతుంది, కాబట్టి మొక్క ఆ లోపలే ఉండాలి. ముంతను కాసేపు నానబెట్టి, అడుగున రెండంగుళాల మట్టి పోసి, దాని మీద కూర్చోబెట్టి, చుట్టూ మట్టిని చేత్తో గట్టిగా అదమండి. గోడకూ మట్టికీ మధ్య సందు ఉంటే నీళ్లు అందవు. మెడ అంగుళం పైకి ఉండాలి. నోటి మీద దీపావళి ప్రమిదో మూకుడో బోర్లించండి. మూత లేని ముంతలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, ఎండాకాలంలో వారం పది రోజుల్లోనే అవి దోమలైపోతాయి. చివరగా మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాల మందాన పరచండి.

బీర, సొర, దొండ, కాకర, వంగ, టమాటా ముంత పక్కన హాయిగా పెరుగుతాయి. విత్తనాలు మాత్రం మొలవవు, పైపొర పొడిగా ఉంటుంది కదా. విత్తిన దగ్గర్నుంచి వేళ్లు లోపలికి దిగేదాకా, సుమారు రెండు వారాలు పైనుంచి చిలకరించాల్సిందే. జీవామృతం, నూనెగింజల చెక్క నానేసిన నీళ్లు ముంతలో పోయకండి, రంధ్రాలు మూసుకుపోతాయి. వాటిని మొక్క మొదట్లోనే పోయాలి.

అసలు శత్రువు బోరు నీళ్లు. హైదరాబాద్‌లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) వెయ్యి దాటే బోర్లున్న కాలనీల్లో ముంత గోడకు తెల్లటి గార పట్టి, కొన్ని నెలల్లో చెమ్మ రావడమే తగ్గిపోతుంది. పంట తీసేశాక ముంతను బయటికి తీసి, వెనిగర్‌కు సమానంగా నీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. సగం ఖాళీ కాగానే నింపుతుంటే గార కూడా నెమ్మదిగా పడుతుంది. పూర్తిగా ఎండనిస్తే ఉప్పు రంధ్రాల్లోనే గట్టిపడుతుంది.

ఎన్ని రోజులకు ఏది?

ఏ పరికరమూ లేని నీళ్లను పుట్టించదు. నిల్వను రోజు ఖర్చుతో భాగిస్తే ఎన్ని రోజులో తేలుతుంది. రోజుకు లీటరు తాగే టమాటాకు లీటరు ముంత ఒక్క రోజుకే. ఇక్కడే సీసా పనికొస్తుంది. ముంతలో నీళ్లు నింపి, రెండు లీటర్ల సీసాను దాని నోట్లో బోర్లించి, సీసా మూతి ముంత అంచుకు రెండంగుళాలు కిందుగా ఉండేలా కర్రకు కట్టండి. మూతికి మూత అక్కర్లేదు. ముంతలో మట్టం మూతి కిందికి దిగినప్పుడే గాలి బుడగ లోపలికెళ్లి, ఆ మేరకు నీళ్లు దిగుతాయి. ఎండకు సీసాలో గాలి వ్యాకోచించినా ఆ నీళ్లు ముంత పైభాగంలోని ఖాళీలోకే వస్తాయి. రెండు లీటర్ల సీసా బదులు అయిదు లీటర్ల క్యాన్ బోర్లిస్తే మరీ మంచిది, కాకపోతే గట్టి ఆసరా కావాలి. ముంత నోటి చుట్టూ మిగిలే సందును గుడ్డతో మూయండి, దోమల కోసం.

రెండు మూడు రోజులకు ముంత మీద సీసా చాలు. నాలుగైదు రోజులంటే ముంత మీద క్యాన్ గానీ రెండు బకెట్ల వత్తి గానీ. పది రోజులంటే పండిన కాయలన్నీ కోసేసి, బ్యాగులన్నీ 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ కిందికి దగ్గరదగ్గరగా జరిపి, మధ్యలో ఒకసారి క్యాన్లు నింపమని పక్కింటివాళ్లకు తాళంచెవి ఇవ్వాలి. కోసిన కాయలు కూడా వాళ్లకే ఇచ్చి వెళ్లండి.

ఇంకొకరికి చేసి ఇవ్వాలంటే మాత్రం వత్తే మేలు. రెండు లీటర్ల సీసాను పైనుంచి మూడో వంతు దగ్గర కోసి, అంచులకు టేపు చుట్టండి. మూతకు కన్నం చేసి వత్తి దూర్చి, పై ముక్కను కింది ముక్కలో బోర్లించి, మట్టి నింపి పుదీనా కొమ్మలు మూడు గుచ్చండి. కింది ముక్కకు రంగు కాగితం చుడితే నాచు పట్టదు, చూడ్డానికీ బాగుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా కత్తెర పని పెద్దవాళ్లకు వదిలి మిగతాదంతా చేసేస్తారు. ఇచ్చే ముందు పైనుంచి ఒక గ్లాసు నీళ్లు పోసి వత్తి తడిసిందో లేదో చూసుకోండి. వారానికోసారి కింది నీళ్లు పారబోసి కొత్తవి నింపమని తీసుకునేవాళ్లకు చెప్పండి.